'నేనే రాశాను' అనడానికి సాక్షులెందుకు?

1773లో లండన్‌లో ఒక కవితల పుస్తకం అచ్చయింది. రాసింది ఫిలిస్ వీట్లీ. ఆమెను యేడెనిమిదేళ్ల వయసులో ఆఫ్రికా నుంచి తెచ్చి, 1761లో బోస్టన్‌లో అమ్మారు. తెచ్చిన ఓడ పేరు ఫిలిస్. కొన్న యజమాని యింటిపేరు వీట్లీ. అంటే ఆమె పేరులో ఆమెది ఒక్క అక్షరం కూడా లేదు. ఈ కవితలు ఈ పిల్లే రాసిందని 18 మంది బోస్టన్ పెద్దమనుషులు పేర్లు పెట్టి చెప్పిన ధృవీకరణను పుస్తకం ముందు అచ్చువేశారు. అందులో గవర్నరు కూడా వున్నాడు. తెల్లవాడు కవిత్వం రాస్తే యిన్ని సాక్ష్యాలు యెవరడిగారు?

నల్లజాతి స్త్రీల రచనలను అస్తిత్వం, ఆత్మాన్వేషణ అనే మాటలతో పరిచయం చేయడం అలవాటైంది. ఆ మాటలు తప్పని మేం అనడం లేదు. అయితే తనను తాను వెతుక్కోవడం కన్నా ముందు, రాసింది తానేనని నమ్మించుకోవాల్సిన పని వీళ్ల మీద పడింది. ఆ సంగతి మరిచిపోతే యీ పుస్తకాలు సగమే అర్థమవుతాయి.

హారియెట్ జేకబ్స్‌ను చూద్దాం. నార్త్ కరోలినాలో బానిసగా పుట్టింది. యజమాని లైంగిక వేధింపుల నుంచి తప్పించుకోవడానికి అమ్మమ్మ యింటి కప్పుకింద అటకలో దాదాపు యేడేళ్లు దాక్కుంది. అది 9 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. బాగా యెత్తున్న చోట 3 అడుగులు. నిలబడే వీల్లేదు. చిన్న రంధ్రం చేసుకుని, కింద ఆడుకునే తన పిల్లల్ని చూసుకునేది. 1842లో ఉత్తరాదికి పారిపోయింది. 1861లో తన కథను లిండా బ్రెంట్ అనే మారుపేరుతో అచ్చువేసింది. తానే రాశానని ముఖపత్రం మీదే చెప్పుకుంది. అయినా ఇరవయ్యో శతాబ్దపు పండితులు చాలామంది దాన్ని నమ్మలేదు. సంపాదకురాలైన తెల్ల రచయిత్రి లిడియా మరియా చైల్డ్ కల్పన అనుకున్నారు. జీన్ ఫాగన్ యెల్లిన్ అనే పరిశోధకురాలు జేకబ్స్ వుత్తరాలు వెతికి పట్టుకుని, 1987 ప్రచురణతో ఆ అనుమానాన్ని తీర్చింది. ఒక ఆడమనిషి మాట నిలబడడానికి 126 యేళ్లు పట్టింది.

బయటివాళ్లే కాదు, సొంతవాళ్లూ అడ్డుపడ్డారు. జోరా నీల్ హర్‌స్టన్ 1937లో ప్రచురించిన 'దేర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్' నవలలో జేనీ మూడు పెళ్లిళ్ల మీదుగా తన మాట తాను చెప్పుకునే దాకా వస్తుంది. ఫ్లోరిడా నల్లవాళ్లు వాకిట్లో మాట్లాడుకునే భాషలోనే పాత్రలు మాట్లాడతాయి. ఆ నవలను తప్పుపట్టాడు నల్ల రచయిత రిచర్డ్ రైట్. తెల్లవాళ్లను అలరించడానికి రాసిందన్నాడు. జాతి పోరాటం అంటే యిలాగే వుండాలని మగవాళ్లు గీసిన గీతలో జేనీ యిమడలేదు. హర్‌స్టన్ యిళ్లల్లో పనిమనిషిగా చేసింది. 1960లో పేదరికంలో చనిపోయింది. చందాలు పోగేసి పూడ్చారు. సమాధి మీద పేరు కూడా లేదు.

1973లో ఆలిస్ వాకర్ అనే యువ రచయిత్రి ఆ శ్మశానంలో నడుమెత్తు గడ్డిలో వెతికి, హర్‌స్టన్ సమాధి అనుకున్న చోట రాయి పెట్టించింది. 1975లో ఆ సంగతి రాసింది. 1978లో నవల మళ్లీ అచ్చయింది. యిప్పుడది పాఠ్యపుస్తకం. వాకర్ రాసిన 'ది కలర్ పర్పుల్' 1982లో వచ్చింది. తన ముందు తరం ఆడవాళ్లను వెతకడంలోనే వాకర్ తనను తాను వెతుక్కుంది.

తెలుగులోనూ యీ పని జరిగింది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు', 1921 నుంచి దళిత స్త్రీలు రాసినవాటిని ఒకచోట చేర్చింది. అంతకుముందు అవి లేవా? వున్నాయి. వెతికినవాళ్లు లేరు. అందుకే నల్ల స్త్రీల పుస్తకం చేతికొచ్చినప్పుడు కథతోపాటు దాని చరిత్ర కూడా అడగమంటాం: దీన్ని యెవరు నమ్మలేదు? యెవరు మరుగున పడేశారు? యెవరు తిరిగి తెచ్చారు?