ఇల్లే బడి అయినచోట అలమరలో ఏముండాలి?

ఇంగ్లండులోని ఎప్‌వర్త్ అనే చిన్న ఊరిలో, 18వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో, ఒక పాదిరిగారి ఇంట రోజుకు ఆరు గంటల పాటు బడి నడిచేది. పాఠాలు చెప్పేది ఆ ఇంటి ఇల్లాలు సుసన్నా వెస్లీ. పంతొమ్మిది మంది బిడ్డలను కని పదిమందిని మాత్రమే దక్కించుకున్న తల్లి ఆమె. అయిదేళ్లు నిండేదాకా బిడ్డకు అక్షరం నేర్పకూడదన్నది ఆమె నియమం. నిండిన తరువాత మాత్రం దాదాపు అందరూ ఒక్క రోజులోనే అక్షరాలన్నీ నేర్చేవారట. ఆ వెంటనే చేతికందే తొలి వాచకం బైబిలు; అందులోనూ ఆదికాండం మొదటి అధ్యాయం. 1709లో ఆ ఇల్లు కాలి బూడిదైంది. అయిదేళ్ల జాన్‌ను మేడ కిటికీలోంచి ఇరుగుపొరుగువారు కిందికి దించి కాపాడారు. పిల్లలు కొంతకాలం ఇతరుల ఇళ్లలో పెరిగి తిరిగి వచ్చాక, సుసన్నా మళ్లీ మొదటినుంచి బడి ప్రారంభించింది. తన కుమార్తెకు విశ్వాస ప్రమాణాన్ని బోధించడానికి ఆమె తానే కలం పట్టి, సుదీర్ఘమైన లేఖగా దాని వివరణ రాసింది. కావలసిన పుస్తకాన్ని తల్లే రాసుకున్న ఇల్లు అది.

నేడు బిడ్డలకు ఇంటివద్దనే చదువు చెప్పుకునే క్రైస్తవ కుటుంబాలకు ఎదురయ్యే సమస్య దీనికి పూర్తిగా విరుద్ధమైనది. పుస్తకాలకు కొదువ లేదు. ఉన్నవాటిలో ఏది పనికివచ్చేదో తేలడమే కష్టం. ఇంటి చదువు అమెరికాలో బాగా వేళ్లూనుకుంది. 1993 నాటికి అక్కడి 50 రాష్ట్రాల్లోనూ దానికి చట్టబద్ధత లభించింది. ఆ కుటుంబాల కోసమే ప్రచురణ సంస్థలు వెలిశాయి. ఏడాది పొడవునా జాబితాలు వెలువడుతూనే ఉంటాయి. ఆ దేశంలో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులైనా, ఇక్కడే ఉండి సార్వత్రిక పాఠశాల పరీక్షలు రాయిద్దామనుకునేవారైనా ఈ దారి పట్టిననాడు మొదట చేతికందేవి ఆ జాబితాలే.

బడికి వెళ్లే పిల్లవాడికి ఒక పాఠ్యపుస్తకం పేలవంగా ఉన్నా ప్రమాదం అంతగా ఉండదు. మంచి ఉపాధ్యాయుడు దానిని సరిదిద్దుతాడు, పక్క బెంచీలోని స్నేహితుడు మరో మాట చెబుతాడు. ఇంట చదివే బిడ్డకు ఆ రెండూ తక్కువ. మీరు అలమరలో ఏది ఉంచారో అదే అతడికి బడి, అదే లోకం. మీరు పొరబడితే దిద్దేవారు దగ్గరలో ఉండరు. అందుకే ఈ ఎంపికను అట్టమీది బొమ్మకో, వెనుక ముద్రించిన ప్రశంసలకో విడిచిపెట్టడానికి వీల్లేదు.

మరి కొలమానమేమిటి? ఈ ప్రశ్నకు షార్లెట్ మేసన్ అనే ఆంగ్ల విద్యావేత్త చెప్పిన సమాధానాన్ని ఇప్పటికీ ఎందరో తల్లులు ఆశ్రయిస్తున్నారు. 1842లో జన్మించిన ఆమె గృహ విద్యపై తన మొదటి గ్రంథాన్ని 1886లో వెలువరించింది. 1892లో ఆంబుల్‌సైడ్‌లో శిక్షణాలయం నెలకొల్పి, 1923లో కన్నుమూసేవరకు ఆ పనిలోనే ఉంది. పుస్తకాలను ఆమె రెండు జాతులుగా చూసింది. ఒక విషయాన్ని ప్రాణంగా ప్రేమించిన రచయిత, తన మాటల్లో, తన తీరులో రాసినవి సజీవ గ్రంథాలు. పిల్లలకు ఇంతకంటే అర్థం కాదులే అనుకుని నీళ్లు కలిపి, ముక్కలు చేసి అందించేవి రెండో జాతి. వాటికి ఆమె పెట్టిన ఆంగ్ల నామానికి మన భాషలో 'ఊకదంపుడు' అన్నదే సరైన మాట. బిడ్డ కూడా సంపూర్ణ వ్యక్తి అనీ, అతడి బుద్ధికి పెద్దల బుద్ధికి పెట్టినట్టే అసలైన ఆహారం పెట్టాలనీ ఆమె దృఢ విశ్వాసం.

ఆమె అనుసరించిన పరీక్ష మీ ఇంట్లో ఈ సాయంత్రమే చేయవచ్చు. ఖర్చు ఏమీ లేదు. పుస్తకంలోని ఒక భాగాన్ని ఒకే ఒక్కసారి చదివి వినిపించండి. పుస్తకం మూసి, విన్నది తన మాటల్లో చెప్పమని బిడ్డను అడగండి. మధ్యలో ప్రశ్నలు వేయవద్దు, తప్పులు దిద్దవద్దు. రచన సజీవమైనదైతే ఏడేళ్ల పిల్లవాడు సైతం గాలివాననూ, ఓడనూ, దానిపై నిలబడ్డ మనిషి ముఖంలోని భయాన్నీ చెప్పుకుపోతాడు. ఊకదంపుడైతే మూడు మాటలు చెప్పి మీ ముఖంలోకి చూస్తాడు. ఒక్కసారి తేలిపోయినంత మాత్రాన పుస్తకాన్ని తప్పుపట్టకండి, బిడ్డ అలసి ఉండవచ్చు. మూడు రోజులు వరుసగా అదే జరిగితే ఆ పుస్తకాన్ని ఎవరికైనా ఇచ్చివేయండి. ఇవ్వడం కూడా సందేహించవలసిన విషయమేనేమో!

ఇక 'క్రైస్తవ' అన్న ముద్ర గురించి. అట్టమీద సిలువ గుర్తు ఉన్నంత మాత్రాన లోపలి కథ సత్యమైనది కాదు. ఇటువంటి పుస్తకాల్లో కొన్ని ఒకే మూసలో పోసినట్టుంటాయి. మంచి బాలుడు ప్రార్థన చేస్తాడు, నాలుగో పేజీలో బహుమతి వస్తుంది. చెడ్డ బాలుడు అబద్ధమాడతాడు, అయిదో పేజీలో కాలు విరుగుతుంది. పరిశుద్ధ గ్రంథం ఈ విధంగా కథ చెప్పదు. దావీదు రాజు పాపాన్ని అది దాచలేదు. పేతురు మూడుసార్లు బొంకిన రాత్రిని తుడిచివేయలేదు. నీనెవె పట్టణం నాశనం కాలేదని అలిగి కూర్చున్న యోనా ప్రవక్తను అలాగే, ప్రశ్న ఎదుట కూర్చోబెట్టి వదిలివేసింది. ఇక యోబు సంగతి సరేసరి. నీతిమంతుడికే కష్టాలు ఎందుకొచ్చాయని ఆ గ్రంథమంతా తర్కమే. బైబిలుకున్నంత ధైర్యం కూడా లేని బాల సాహిత్యాన్ని బైబిలు పక్కన నిలబెడితే, బిడ్డ దేనిని నమ్మాలి? కష్టం వచ్చిననాడు ఆ నాలుగో పేజీ బహుమతి రాకపోతే అతడు పుస్తకాన్ని అనుమానిస్తాడా, దేవుణ్ని అనుమానిస్తాడా?

ముద్రను నమ్మడంలోని మరో ప్రమాదం మన గడపకే సంబంధించినది. అమెరికాలోని ఇంటి చదువు కుటుంబాలు ఎంతో ఇష్టంగా చదివే పాత రచయితల్లో జి.ఎ. హెంటీ ఒకడు. 1832లో పుట్టి 1902లో మరణించిన ఈ ఆంగ్లేయుడు యుద్ధవార్తలు రాసే విలేకరిగా పనిచేసి, బాలుర కోసం చారిత్రక సాహస నవలలు పుంఖానుపుంఖాలుగా రాశాడు. ధైర్యం, నిజాయితీ, మాట మీద నిలబడటం నేర్పుతాయని వాటికి పేరు. అందులో కొంత నిజముంది కూడా. అయితే 1884లో వెలువడిన ఆయన నవల ఒకటి క్లైవు వెంట భారతదేశంలో సాగుతుంది. అందులో మచిలీపట్నం పేరిట ఒక అధ్యాయమే ఉంది.

ఒక్క క్షణం ఆలోచించండి. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో నివసించే తెలుగు బాలుడు తన తాతగారి జిల్లాను మొదటిసారిగా ఆ పుటల్లో చూస్తాడు. 1758 డిసెంబరులో పిఠాపురం సమీపంలోని చందుర్తి వద్ద ఫ్రెంచివారికీ ఆంగ్లేయులకూ జరిగిన యుద్ధం, 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ రాత్రివేళ బందరు కోటను పట్టుకోవడం, ఇవన్నీ వాస్తవ సంఘటనలే. విజయనగర ప్రభువు ఆనందరాజు ఆంగ్లేయుల పక్షాన తన సేనతో నిలిచిన మాటా నిజమే. కాని బాలుడు ఆ చరిత్రను ఎవరి కళ్లతో చూస్తున్నాడన్నది ప్రశ్న. నవలలోని నాయకుడు కంపెనీ కొలువులో చేరిన ఆంగ్ల యువకుడు. తెలివీ తెగువా అతడివి. నేల మాత్రం మనది. కోట కూలిన తరువాత ఆ చుట్టుపక్కల రైతు ఎవరికి శిస్తు కట్టాడో, చేతిలోని మగ్గం ఏమైందో ఆ కథకు అక్కరలేదు. క్రీస్తు ప్రేమను నేర్పడానికి తెచ్చిన పుస్తకం, తన తాతముత్తాతలను చిన్నచూపు చూడటం నేర్పితే ఆ నష్టాన్ని ఎవరు పూడుస్తారు?

ఇటువంటిదే మరొక ఉదాహరణ. లారా ఇంగల్స్ వైల్డర్ తన బాల్యాన్ని ఆధారం చేసుకుని రాసిన నవలలు ఆ కుటుంబాల అలమరల్లో తప్పనిసరిగా కనిపిస్తాయి. శ్రమ, పొదుపు, కుటుంబ ప్రేమ వాటిలో నిండుగా ఉన్నాయి. కాన్సాస్ మైదానంలో సాగే నవల 1935లో వచ్చింది. అక్కడ మనుషులే లేరనీ, ఇండియన్లు మాత్రమే ఉన్నారనీ అర్థమిచ్చే వాక్యం దాని తొలి పుటల్లో ఉండేది. ఓసేజ్ జాతివారు తరతరాలుగా తమదనుకున్న నేల అది. 1952లో ఒక పాఠకుడు అభ్యంతరం తెలిపితే, ఆ మరుసటి ఏడాది ప్రచురణకర్తలు 'మనుషులు' అన్న మాటను తీసి 'స్థిరనివాసులు' అని మార్చారు. ఒక్క మాటే! దానిని గుర్తించడానికి పదిహేడేళ్లు పైగా పట్టింది. ఆ పుస్తకాన్ని మెచ్చి పిల్లల చేతికిచ్చినవారంతా చెడ్డవారా? కానే కాదు. వారు చదివారు, కాని ఆ మాట వారి చెవికి తగల్లేదు. దేవుని స్వరూపంలో నిర్మితమైనవాడు మానవుడని ఆదికాండం మొదటి అధ్యాయంలోనే చదువుకున్న ఇంట అది తగలవలసిన మాట.

అయితే ఈ పుస్తకాలను బయట పారవేయమని చెప్పడం నా ఉద్దేశం కాదు. వైల్డర్‌ను నేనైతే ఉంచుతాను, పక్కన కూర్చుని చదువుతాను. ఆ ఇంటి గడప అవతలి మనుషుల కథ కూడా చెబుతాను. హెంటీని ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఒంటరిగా ఇవ్వను. పద్నాలుగేళ్ల వయసులో, బందరు పటాన్ని ముందు పరచుకుని, మన చరిత్రకారులు రాసిన పుస్తకాన్ని పక్కనే పెట్టుకుని చదవమంటాను. రెండింటినీ పోల్చగలిగిన బిడ్డ ఆ రోజున చరిత్ర అనే విద్యనే నేర్చుకుంటాడు.

భయపడి ఎంపిక చేసేవారు దీనికి అవతలి కొసన ఉంటారు. అన్యులు రాసినదేదీ ఇంట్లో అడుగుపెట్టకూడదని కట్టుదిట్టం చేస్తారు. నాలుగో శతాబ్దంలో కైసరయ అధ్యక్షుడైన బాసిల్ ఈ విషయమై యువకులకు చేసిన ఉపదేశం ప్రసిద్ధం. గ్రీకు కవులను చదవడంలో తేనెటీగను చూసి నేర్చుకోమన్నాడాయన. అది అన్ని పూలపైనా వాలదు. వాలిన పువ్వులోనూ తనకు కావలసినదే తీసుకుని మిగిలినది వదిలి ఎగిరిపోతుంది. దానియేలు బబులోను విద్యలను అభ్యసించాడు. పౌలు ఏథెన్సులో గ్రీకు కవుల మాటలను ఉదహరించాడు. మన దేశంలోనే పండిత రమాబాయి ఉంది. తల్లి లక్ష్మీబాయి దగ్గర ఇంటివద్దనే సంస్కృతం నేర్చి, భాగవతం కంఠస్థం చేసిన ఆమె, 1883లో క్రైస్తవ మతం స్వీకరించింది. జీవిత చరమదశలో బైబిలును మరాఠీలోకి అనువదించింది. ఆ అనువాదానికి కావలసిన భాషాజ్ఞానం ఆమెకు మొదట అబ్బినది తల్లి చెప్పిన పాఠాల్లోనే.

విజ్ఞానశాస్త్ర గ్రంథాల విషయంలో ఒక్కటే మాట. శాస్త్రజ్ఞులు కనుగొన్నదాన్ని దాచిపెట్టి విశ్వాసాన్ని కాపాడతామనే పుస్తకం మీకు మేలు చేయదు. ఇరవయ్యో ఏట కళాశాలలో ఆ దాపరికం బయటపడినప్పుడు, మీ బిడ్డ ఆ పుస్తకంతోపాటు మీరు చెప్పిన మిగిలినదంతా కూడా అనుమానిస్తాడు.

తెలుగు కుటుంబం కాబట్టి తెలుగు పుస్తకాలకు ఒక అర ప్రత్యేకించండి. ఆంగ్ల జాబితాల్లో ఇవి కనిపించవు కనుక మీరే వెదకాలి. గుర్రం జాషువా 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. వినుకొండలో పుట్టిన ఆ మహాకవి పద్యం బిడ్డ చెవిన పడితే క్రీస్తు కథ ఎంతటి తెలుగులో చెప్పవచ్చో తెలుస్తుంది. కాస్త ఎదిగాక ఆయన 'గబ్బిలం' చదివించండి. ఆకలి, అంటరానితనం అన్న మాటలకు అర్థం అందులో ఉంది. అది చదివిన బిడ్డ మంచి సమరయుని ఉపమానాన్ని వేరుగా చదువుతాడు. వేమన ఉండనే ఉన్నాడు. బెడ్‌ఫర్డ్ చెరసాలలో పన్నెండేళ్లు గడిపిన జాన్ బన్యన్, పాత్రలకు మాట్లు వేసుకు బతికిన మనిషి, 1678లో వెలువరించిన 'యాత్రికుని ప్రయాణం' తెలుగులోనూ ఉంది. పెద్ద మొత్తం వెచ్చించవలసిన పని లేదు. హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారం కాలిబాట మీద పరిచే పాత పుస్తకాల్లో, విజయవాడ పుస్తక మహోత్సవంలో ఓపికతో వెదికితే మంచివి దొరుకుతాయి. ఒకేసారి యాభై కొనకండి. నెలకు రెండు కొనండి, ముందు మీరు చదవండి. మీకు విసుగు పుట్టించిన పుస్తకం పిల్లవాడికి మాత్రం ఎందుకు?

ముందుగా మీరు చదవడమన్నది ఈ మొత్తం వ్యవహారంలో అతి కష్టమైన భాగం. పొయ్యి మీద అన్నం, ఒళ్లో చంటిబిడ్డ, ఎదురుగా లెక్కలు చేస్తున్న పెద్దవాడు. ఇక తల్లికి తీరికెక్కడిది? తండ్రి ఇందులో పాలు పంచుకోవాలి. రాత్రి భోజనం తరువాత అరగంట గట్టిగా చదివే పని ఆయనదైతే, కొత్త పుస్తకంలో ఏముందో ఇద్దరికీ తెలుస్తుంది, పిల్లల ముఖాలూ కనిపిస్తాయి.

సుసన్నా వెస్లీకీ తీరిక లేదు. అయినా వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో విడిగా కూర్చుని మాట్లాడేది. జాన్ వంతు గురువారం. అతడు పెరిగి పెద్దవాడై, ఆక్స్‌ఫర్డ్‌లో విద్యార్థులకు బోధించే స్థాయికి వచ్చిన తరువాత కూడా, ఆ గురువారం సాయంత్రంలో కొద్ది భాగం తనకు కేటాయించమని తల్లికి ఉత్తరం రాశాడు. బిడ్డలను ఎలా పెంచావో, ఎలా చదివించావో రాసి పంపమని కోరాడు. 1732 జులై 24న ఆమె జవాబు రాసింది.