ఈగ గడియారం, సి షిఫ్టు నిద్ర

విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్న బ్లాస్ట్ ఫర్నేసులకు రాత్రీ పగలూ తేడా లేదు. సాయంత్రం ఆర్పి పొద్దున్నే వెలిగిద్దామంటే కుదరదు. లోపలి ఇనుము గడ్డకట్టిందంటే ఫర్నేసు గతి అంతే. పోర్టులో ఓడ ఊరికే నిలబడ్డ ప్రతి గంటా డబ్బే. అందుకే ఈ ఊళ్లో ఎంతోమంది సి షిఫ్టుకు, అంటే రాత్రి డ్యూటీకి, ఎక్కి తెల్లారాక దిగుతారు. ఉక్కునగరంలో, గాజువాకలో పట్టపగలు కిటికీలు మూసి, ‘నాన్న నైట్ డ్యూటీ చేసొచ్చారు, గోల చెయ్యకండి’ అని పిల్లల్ని కసిరే ఇళ్లు కొత్తేమీ కాదు.

ఒళ్లంతా అలసట, గది నిండా చీకటి. అయినా పగటి నిద్ర రెండు మూడు గంటలకే ఎందుకు తెగిపోతుంది? జవాబులో పెద్ద భాగం మగ్గిన అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలు చెప్పాయి. వాటిచేత చెప్పించినవాళ్లలో డాక్టర్ రవి అల్లాడ ఒకరు. ఇంటిపేరు మన చెవులకు కొత్తది కాదు. చదువూ పనీ మాత్రం అమెరికాలో. మిషిగన్‌లో వైద్యం చదివి, బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో మైకేల్ రోస్‌బాష్ ప్రయోగశాలలో చేరారు.

ఈగల్ని పూర్తి చీకట్లో ఉంచినా సుమారు 24 గంటలకోసారి లేస్తాయి, పడుకుంటాయి. కొన్ని జన్యులోపమున్న ఈగలకు ఆ లయ ఉండదు. అలాంటి ఒక రకాన్ని పట్టుకుని, లోపం ‘క్లాక్’ అనే జన్యువులో ఉందని అల్లాడ బృందం 1998లో ‘సెల్’ పత్రికలో చూపింది. క్లాక్ ప్రోటీను, సైకిల్ అనే జత ప్రోటీనుతో కలిసి పీరియడ్, టైమ్‌లెస్ జన్యువుల్ని పనిలోకి దించుతుంది. వాటినుంచి తయారైన ప్రోటీన్లు రాత్రయ్యేసరికి పోగుపడి, కణకేంద్రంలోకి వెళ్లి, తమను పుట్టించిన క్లాక్ నోరే మూయిస్తాయి. అవి కరిగిపోయాక కథ మళ్లీ మొదలు. ఎలుకలోనూ మనిషిలోనూ ఇదే కుటుంబపు జన్యువులు ఉన్నాయి. సి షిఫ్టు దిగి మంచమెక్కిన మనిషి కణాలు ‘ఇది పగలు’ అని లెక్కేసుకుంటున్నాయి. తలుపు మూసినంత మాత్రాన ఆ లెక్క మారదు.

తర్వాత అల్లాడ చాలా ఏళ్లు నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఉన్నారు. ఈగ మెదడులో జ్ఞాపకానికి పేరుపడ్డ ‘పుట్టగొడుగు భాగం’ నిద్రనూ నడుపుతుందని 2006లో ఆయన బృందం ‘నేచర్’లో రాసింది. అదే సంచికలో అమితా సెహగల్ అనే మరో పరిశోధకురాలి బృందమూ ఆ సంగతే చెప్పింది. ఒకరికొకరు సాక్ష్యం అన్నమాట.

ఇలాంటి పని విలువ ఎలా కొలుస్తారు? శాస్త్రవేత్త అనగానే ‘ఎన్ని సైటేషన్లు?’ అనడం ఇప్పుడు మన యూనివర్సిటీల్లోనూ అలవాటైంది. తర్వాతివాళ్లు తమ పత్రాల్లో ఒక పత్రాన్ని ఎన్నిసార్లు పేర్కొన్నారన్నదే సైటేషన్ల లెక్క. యూజీన్ గార్ఫీల్డ్ 1964లో వీటికో సూచిక తెచ్చాడు. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ కనిపెట్టాడు. అది 40 అంటే, కనీసం 40 సార్లు పేర్కొనబడ్డ పత్రాలు 40 ఉన్నట్టు. పనికిరాని లెక్క అనను. కానీ మెచ్చుకుని పేర్కొన్నా, తప్పుపడుతూ పేర్కొన్నా దానికి ఒకటే.

ఈ రంగంలోనే చూడండి. ఈగ గడియారపు మొదటి జన్యువు పీరియడ్ జాడను 1971లో సీమోర్ బెంజర్‌తో కలిసి కనిపెట్టినవాడు రొనాల్డ్ కొనోప్కా. పత్రాలు తక్కువగా రాస్తాడన్న ఫిర్యాదు మోసి, కాల్టెక్‌లో ఉద్యోగం ఖాయం కాక, చివరికి పరిశోధనే మానేశాడు. 2015లో చనిపోయాడు. రెండేళ్లకు హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు ఆ గడియారం మీదే నోబెల్ వచ్చింది. లెక్కలు చూసి మనిషిని వదులుకోవడం అంటే ఇదే.

మళ్లీ అల్లాడ దగ్గరికి వస్తే, ఆయన పనిలో నాకు ఎక్కువ నచ్చింది ఈగలు లేని పత్రం. 1992 నుంచి 2011 వరకు అమెరికాలో జరిగిన 40,000కు పైగా బేస్‌బాల్ మ్యాచ్‌లు పరిశీలించి 2017లో ప్రచురించారు. విమానంలో తూర్పుకు వెళ్లిన జట్లకే దెబ్బ ఎక్కువ. మనిషి లోపలి గడియారం 24 గంటలకన్నా కొన్ని నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది. కాబట్టి ఆలస్యంగా పడుకోవడం సులువు, ముందుగా పడుకోవడం కష్టం. తూర్పుకు వెళ్తే ముందుగా పడుకోవాలి.

షిఫ్టులకూ ఇదే వర్తిస్తుంది. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వరుసలో ముందుకు మారితే ఒంటికి కొంత తేలిక. వెనక్కి మారితే తూర్పు ప్రయాణమే. చార్లెస్ జైస్లర్ అనే పరిశోధకుడి బృందం 1982లోనే యూటాలోని ఒక ఖనిజాల కర్మాగారంలో షిఫ్టుల్ని ముందుకు తిప్పి, ఒక్కో షిఫ్టు ఎక్కువ రోజులు ఉండేలా మార్చింది. కార్మికుల తృప్తి, ఆరోగ్యం, ఉత్పత్తి మెరుగుపడ్డాయి. ఇక రాత్రి డ్యూటీకి క్యాన్సర్‌తో బహుశా సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2007లో చెప్పింది, 2019లో మళ్లీ చెప్పింది.

ఫర్నేసును రాత్రి ఆపమని ఎవరూ అడగరు. డ్యూటీ చార్టు వేసే అధికారులూ, దానిమీద సంతకం పెట్టే యూనియన్ నాయకులూ మాత్రం ఈసారి జీతం, అలవెన్సుతో పాటు షిఫ్టులు ఎటువైపు తిరుగుతున్నాయో కూడా ఒకసారి చూడండి.