ఎండకి కొదవ లేదు.. మరి విటమిన్ డి ఏది?

శంషాబాద్‌లో ఎండకి కొదవేముంది? మే నెలలో ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద బండి నడిపితే చాలు, తెలిసిపోతుంది. కానీ నైట్ షిఫ్ట్ చేసి పగలంతా పడుకునేవాళ్లకీ, అద్దాల టెర్మినల్లో ఏసీ కింద డ్యూటీ చేసేవాళ్లకీ ఆ ఎండ కంటికి కనిపిస్తుందే గానీ ఒంటికి తగలదు. విటమిన్ డి తయారవ్వాలంటే చర్మానికి యూవీబీ కిరణాలు కావాలి. మామూలు అద్దం వాటిని దాదాపుగా ఆపేస్తుంది. తిరుపతి స్విమ్స్ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పల్లెవాళ్లలో కూడా ఈ లోపం కనిపించింది.

పెంఫిగస్ ఉన్నవాళ్లకి ఇది ఇంకాస్త పెద్ద సమస్య. మన చర్మకణాలను ఇటుకలనుకుంటే, వాటిని అతికించి ఉంచే సిమెంటు లాంటిది డెస్మోగ్లీన్ అనే ప్రొటీన్. ఈ జబ్బులో మన రోగనిరోధక శక్తే దారి తప్పి దాని మీద దాడి చేస్తుంది. అతుకు ఊడిపోయి బొబ్బలు లేస్తాయి. చాలామందిలో ఇది నోట్లో పుళ్లతో మొదలవుతుంది. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగుతూ నెలలు గడిపేస్తారు. ఇది అంటువ్యాధి కాదు. పక్కన కూర్చున్నా, కలిసి తిన్నా ఏమీ కాదు.

ఇటలీ, ఇరాన్, ఈజిప్టు అధ్యయనాల్లో పెంఫిగస్ రోగుల రక్తంలో విటమిన్ డి మామూలువాళ్ల కంటే తక్కువగా తేలింది. రోగనిరోధక కణాలను అదుపులో ఉంచడంలో ఈ విటమిన్‌కీ పాత్ర ఉంది. అలాగని డి తగ్గడం వల్లే జబ్బు వచ్చిందనడానికి లేదు. బొబ్బలతో బయటికి రాలేకపోవడం వల్ల కూడా అది తగ్గొచ్చు.

మరి ఎందుకు పట్టించుకోవాలి? ఎముకల కోసం. పెంఫిగస్‌కి స్టెరాయిడ్లు నెలల తరబడి వాడాల్సి రావొచ్చు. అవి ఎముకల్ని గుల్ల చేస్తాయి. అందుకే డాక్టర్లు కాల్షియం, విటమిన్ డి కూడా రాస్తారు. బొబ్బలు తగ్గాయి కదా అని ఆ మాత్రలు పక్కన పడేయకండి.

పెంఫిగస్ ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి:

* ఎండలో నిలబడితే సరిపోతుంది అనుకోవద్దు. ఎండ తగిలితే కొందరిలో బొబ్బలు పెరుగుతాయి. డాక్టర్‌ని అడగాల్సిందే.

* 25 హైడ్రాక్సీ విటమిన్ డి రక్తపరీక్ష చేయించుకోండి. 20 నానోగ్రాముల కంటే తక్కువుంటే సాధారణంగా లోపం కిందే లెక్క.

* మెడికల్ షాపులో దొరికే 60,000 యూనిట్ల సాచెట్ రోజూ వేసుకునేది కాదు. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి.

* విటమిన్ డి వేసుకుంటున్నాం కదా అని స్టెరాయిడ్ ఒక్కసారిగా మానేస్తే ప్రాణాల మీదికి రావొచ్చు.

నోట్లో పుండు రెండు మూడు వారాలైనా మానకపోతే ఇంటి చిట్కాలు కట్టిపెట్టి చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. చిన్న బయాప్సీతో సంగతి తేలిపోతుంది.