సంతాన చికిత్సతో పుట్టిన బిడ్డ: భయము వద్దు, జాగ్రత్త కావాలి



పెండ్లయి పదేండ్లు గడిచినను సంతానము లేక, చివరకు ఆస్పత్రి చికిత్సతో బిడ్డను పొందిన కుటుంబములు నేడు మన పల్లె సంఘములలోను ఉన్నవి. ఆ బిడ్డను ప్రార్థనకు తెచ్చిన దినమున సంతోషించువారు కొందరైతే, “సీసాలో పెరిగిన బిడ్డట, సరిగా ఎదుగునా?” అని చెవులు కొరుక్కొనువారు కొందరు. ఆ మాట తల్లి చెవిని పడక మానదు. కాబట్టి ఈ సంగతిని వివరింప గోరుచున్నాము.

బిడ్డ సీసాలో పెరగదు. తల్లి అండమును, తండ్రి వీర్యకణమును గాజు పాత్రలో కలిపి, కొద్ది దినములకే ఆ పిండమును గర్భములో ఉంచుదురు. మిగిలిన నెలలన్నియు బిడ్డ పెరుగునది తల్లి కడుపులోనే.

ఇట్లు పుట్టిన మొదటి బిడ్డ లూయీస్ బ్రౌన్. 1978 జూలై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్‌లో పుట్టిన ఆమె, 2006లో ఏ చికిత్సయు లేకయే గర్భము ధరించి కుమారుని కన్నది. 1986 ఆగస్టు 6న బొంబాయిలో పుట్టిన హర్ష 2016లో తల్లియైనది. నేడు లోకమంతట ఇట్టి పిల్లలు కోటికి మించియున్నారు.

అయితే జాగ్రత్త అవసరమే. ఒకటికంటె ఎక్కువ పిండములు ఉంచినప్పుడు కవలలో, ముగ్గురో కలుగుదురు. వారు నెలలు నిండకయే, తక్కువ బరువుతో పుట్టుట ఎక్కువ. ఈ పిల్లల ఇబ్బందులలో అధికము దానివలననే. అందుకే ఒక్క పిండమునే ఉంచుట మేలని వైద్యులు చెప్పుచున్నారు. ఒక్క బిడ్డే పుట్టినను తక్కువ బరువు, పుట్టు లోపములు కొంచెము ఎక్కువే. అందుకు కొంత తలిదండ్రుల వయస్సు, సంతానలేమికి మూలమైన వ్యాధియు కారణము. అయినను అత్యధికులు ఆరోగ్యముగానే పుట్టి, నడకలో, మాటలో, చదువులో తోటి పిల్లలవలెనే ఎదుగుచున్నారు.

తలిదండ్రులారా, ఆస్పత్రి కాగితములు భద్రపరచుడి. ప్రతి నెల అంగన్‌వాడీలో బరువు తూయించుడి. టీకాలు తప్పింపకుడి. బిడ్డ బాగా ముందుగా పుట్టినయెడల నెల తిరగకముందే కంటి పరీక్ష చేయించుడి, వినికిడియు చూపించుడి. మెడ నిలుపుట, కూర్చుండుట వంటివి పుట్టవలసిన తేదీనుండి లెక్కించుడి. అప్పుడు అనవసరపు దిగులు ఉండదు.

సంఘపు పెద్దలారా, హన్నా కన్నీటిని ఏలీ మొదట అపార్థము చేసికొనెను, తరువాత దీవించి పంపెను. మనము మొదటిది మాని రెండవది చేయుదము. బిడ్డ ఎట్లు కలిగెనని ఆ తల్లిని అడుగవద్దు. బిడ్డను చేతులలోనికి తీసికొని ప్రార్థించుదము.