విమానపు టిక్కెట్టు వెల

ఒకే విమానములో ప్రక్కప్రక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు మూడువేలు, రెండవవారు ఆరువేలు చెల్లించి యుండవచ్చును. ఇది అన్యాయముగా తోచును గాని, దీనికొక కారణము కలదు.

విమానము నేలను విడిచిన మరుక్షణమున ఖాళీ ఆసనమునకు విలువ సున్న. అందుచేత సంస్థలు ఆసనములను శ్రేణులుగా విభజించి, చవుక శ్రేణి అమ్ముడైన పిదప పై శ్రేణిని తెరచుచుండును. అమెరికాలో 1978 నాటి చట్టము ఛార్జీలపై ప్రభుత్వపు కట్టడిని తొలగింప నారంభించిన పిమ్మట ఈ పద్ధతి బలపడినది. మన దేశమున 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకము క్రింద కడప–హైదరాబాదు సర్వీసు ఆరంభమైనప్పుడు, గంట ప్రయాణమునకు 2,500 రూపాయల పరిమితి విధించినదియు సుమారు సగము ఆసనములకే.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు చిక్కు ఇక్కడనే యున్నది. దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు అందరికి ఒక్కసారే వచ్చును. ధరలును అప్పుడే పెరుగును. అయితే ఆ తేదీలు నెలల ముందే తెలియుట వారికి గల బలము. ముందుగా కొనుట, పండుగ ముందునాడు గాక వారము నడుమ బయలుదేరుట మేలు. చవుక సీట్లు రెండే మిగిలినప్పుడు నలుగురికి కలిపి వెదకినచో, అందరికి పై శ్రేణి వెలయే చూపవచ్చును. కనుక ఒక్కరికి, ఇద్దరికి వేరుగా వెదకి చూడవలెను.

సామాను రుసుము, విమానాశ్రయమునకు చేరు బాడుగ కూడ కలిపినగాని అసలు ఖర్చు తేలదు. వేకువజాము విమానము చవుకయే. కాని ఆ వేళ టాక్సీ బాడుగ ఆ ఆదాను మ్రింగివేయవచ్చును. మొత్తము కూడి చూచినప్పుడు రైలే నయమని తేలినచో, రైలెక్కుటకు సంకోచింప నక్కరలేదు.