గడియారంతో పందెం, గుట్టతో పోటీ

గంటకు ఇంతని అద్దె కట్టి తెచ్చుకున్న పెద్ద సైకిలు. సీటు అందదు. ఫ్రేము సందులోంచి కాలు దూర్చి 'కైంచీ' తొక్కుతూ మోకాళ్లు పగలగొట్టుకోని వారు మన ఇళ్లలోని పెద్దల్లో ఎంతమంది ఉంటారు? బడికి, బజారుకు, జుమా నమాజుకు, ఊరూరా తిరిగి బట్టల మూట అమ్ముకోవడానికి ఆ సైకిలే ఆధారం. బీదవాడి వాహనంగా పేరుపడ్డ ఈ సైకిలు మీద కొన్ని దేశాల్లో సామాన్య ఉద్యోగులు, గృహిణులు, విద్యార్థులు ఏళ్ల తరబడి సాధన చేసి పోటీల్లో పాల్గొంటారు. వీటిలో పెద్దగా డబ్బు ఉండదు. ఉన్నదల్లా మనిషి, సైకిలు, గడియారం. ఆ పోటీలు ఏమిటి, వాటికి ఎలా సిద్ధపడతారు, అందులో మన పిల్లలకు పనికివచ్చేది ఏముంది అన్నది తెలుసుకోవడం మంచిది.

ఒక్కొక్కరుగా బయలుదేరే పందెం

ఈ పోటీలకు పుట్టినిల్లు ఇంగ్లాండు. రోడ్ల మీద గుంపులుగా పందేలు వేస్తే పోలీసులతో తంటా వస్తుందని 1890లో అక్కడి సైకిలు సంఘమే వాటిని నిషేధించింది. పందెం లేకుండా ఉండలేని వారు ఉపాయం ఆలోచించారు. 1895లో బిడ్లేక్ అనే పెద్దమనిషి ఆధ్వర్యంలో ఒక పోటీ జరిగింది. అందులో అందరూ ఒకేసారి కాక కొంత వ్యవధితో ఒక్కొక్కరుగా బయలుదేరారు. ఎవరు ఎంత సమయంలో ముగించారో చూసి విజేతను తేల్చారు. దీనికే టైమ్ ట్రయల్ అని పేరు. చూసేవారికి అది పందెంలా కనపడకూడదని తెల్లవారుజామున, నల్లని దుస్తుల్లో వెళ్లేవారట. దారుల పేర్లు కూడా బయటికి చెప్పక గుర్తు సంఖ్యలతో పిలుచుకునేవారు. ఆ గుర్తు సంఖ్యల అలవాటు నేటికీ ఉంది.

10, 25, 50, 100 మైళ్ల పోటీలు ఇందులో ప్రధానమైనవి. 12 గంటల్లో, 24 గంటల్లో ఎవరు ఎక్కువ దూరం పోగలరో తేల్చేవీ ఉన్నాయి. ముందు వెళ్లేవారి వెనుక చేరి గాలి తప్పించుకోవడం నిషిద్ధం. 25 మైళ్లను గంటలోపు ముగించడం అక్కడి సామాన్య సైకిలిస్టులకు తరతరాల కల.

రెండవది కొండ ఎక్కే పోటీ. లండన్‌కు చెందిన కాట్‌ఫర్డ్ క్లబ్బు 1887లో మొదలుపెట్టిన పోటీ ఇప్పటికీ జరుగుతోంది. కెంట్ ప్రాంతంలోని యార్క్స్ హిల్ మీద సుమారు 650 మీటర్లు ఎక్కాలి. కొన్నిచోట్ల నాలుగు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేచేంత నిటారు దారి అది. బాగా తొక్కేవారు రెండు నిమిషాలలోపే ముగిస్తారు గాని, పైకి చేరాక నిలబడలేక ఎవరో ఒకరి చేతుల్లో వాలిపోతారు. జాతీయ స్థాయి కొండ పోటీ 1944 నుండి జరుగుతోంది.

గాలి ఒకచోట, బరువు ఒకచోట

ఈ రెండు పోటీలకూ శత్రువులు వేరు. చదునైన రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయేవాడి శ్రమలో అధిక భాగం గాలిని చీల్చుకుపోవడానికే ఖర్చవుతుంది. వేగం రెట్టింపు కావాలంటే గాలిని ఎదిరించే శక్తి సుమారు ఎనిమిది రెట్లు కావాలి. కనుకనే టైమ్ ట్రయల్‌లో వీపు వంచి, మోచేతులు దగ్గరకు చేర్చి, ఒంటికి అతుక్కునే దుస్తులు వేసుకుంటారు. వదులు చొక్కా గాలికి తెరచాప వంటిది.

కొండ మీద వేగం తక్కువ కాబట్టి గాలి బాధ తగ్గి, బరువు బాధ మొదలవుతుంది. మనిషి 70 కిలోలు, సైకిలు 10 కిలోలు అనుకుందాం. మొత్తం 80 కిలోల్లో ఒక కిలో తగ్గితే, పది నిమిషాల నిటారు ఎక్కుడులో ఏడెనిమిది సెకన్లు కలిసివస్తాయి. అందుకే కొండ పోటీకి వచ్చేవారు నీళ్ల సీసా, సామాను సంచి, కొందరు అక్కరలేని బోల్టులు కూడా విప్పి కింద పెడతారు.

ఆకలితో గెలవలేరు

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. బరువు తగ్గితే కొండ తేలిక అవుతుందని విని, కొందరు యువకులు అన్నం మానేసి పోటీకి తయారవుతారు. బరువుతోపాటు కండ కూడా కరిగిపోతుంది. నిద్ర చెడుతుంది, జబ్బులు త్వరగా పట్టుకుంటాయి. ఆడపిల్లల్లో నెలసరి తప్పడం, ఎముకలు బలహీనపడడం వంటి తీవ్రమైన పరిణామాలు ఉంటాయి. ఎదిగే వయసు పిల్లల విషయంలో తల్లిదండ్రులు దీన్ని ఎంతమాత్రం తేలికగా తీసుకోరాదు. ఏడు సెకన్ల కోసం ఏళ్ల ఆరోగ్యం తాకట్టు పెట్టడం తెలివైన బేరం కాదు. అన్నం, రొట్టె, పప్పు, గుడ్డు, పండ్లు మామూలుగా తింటూ, నూనె వంటకాలు, మిఠాయిలు తగ్గిస్తే చాలు.

ఎనిమిది వారాల సాధన

మూడు నెలలుగా క్రమం తప్పక సైకిలు తొక్కుతున్నవారు ఎనిమిది వారాల్లో పోటీకి సిద్ధం కావచ్చు. నలభై దాటినవారు, గుండె జబ్బు, బీపీ, చక్కెర వ్యాధి ఉన్నవారు ముందుగా డాక్టరును సంప్రదించాలి.

వారానికి నాలుగు రోజులు తొక్కితే చాలు. ఒక రోజు రెండు, మూడు గంటలు నింపాదిగా, పక్కవారితో మాట్లాడగలిగే వేగంతో. ఇదే పునాది. మరొక రోజు పది నిమిషాలు గట్టిగా, అయిదు నిమిషాలు మెల్లగా, మళ్లీ పది నిమిషాలు గట్టిగా. 'గట్టిగా' అంటే రెండు మూడు మాటలకు మించి పలకలేనంత. వారాలు గడిచే కొద్దీ ఈ పదిని ఇరవై నిమిషాలకు పెంచాలి. మూడో రోజు ఒక గుట్టను ఎంచుకుని ఒకటి రెండు నిమిషాలు శక్తికొద్దీ ఎక్కి, మెల్లగా దిగి, మళ్లీ ఎక్కాలి. నాలుగుసార్లతో మొదలుపెట్టి ఎనిమిదికి చేరవచ్చు. నాలుగో రోజు సరదాగా ఒక గంట.

మిగిలిన మూడు రోజులు విశ్రాంతి. శరీరం బలపడేది శ్రమ చేస్తున్నప్పుడు కాదు, శ్రమ తరువాతి విశ్రాంతిలో. నాలుగో వారం సాధన తగ్గించాలి. చివరి వారం దూరాన్ని సగానికి తెచ్చి, కాళ్లు మొద్దుబారకుండా కొద్దిపాటి చురుకైన తొక్కుడు మాత్రం ఉంచుకోవాలి. పరీక్షకు ముందురాత్రి పుస్తకమంతా చదివే విద్యార్థి వలె, ఆఖరి మూడు రోజుల్లో కొండలన్నీ ఎక్కితే అలసట తప్ప మిగిలేదేమీ లేదు.

రంజాన్ నెలలో ఎలాగన్న సందేహం మన యువకులకు సహజం. ఆ నెలను బలం పెంచుకునే నెలగా కాక, ఉన్నది నిలుపుకునే నెలగా చూసుకోవాలి. రోజా ఉండి ఎండలో గట్టి సాధన చేయరాదు. ఇఫ్తార్‌కు కాస్త ముందు తేలికగా తొక్కవచ్చు. గట్టి సాధన ఏదైనా ఉంటే ఇఫ్తార్ తరువాత ఆహారం, నీరు పుష్కలంగా తీసుకుని, అవి అరిగాకే.

పోటీ రోజున

ముందురోజే మెకానిక్కు దగ్గర బ్రేకు కట్టెలు, గొలుసు, టైర్లు చూపించుకోవాలి. కొండ ఎక్కడం కష్టం గాని, ప్రాణానికి ముప్పు దిగేటప్పుడే. బ్రేకులు సరిలేని సైకిలుతో గుట్ట మీదికి పోరాదు. తలకు హెల్మెట్ తప్పనిసరి. దారిని ఒకసారి ముందుగా తొక్కి, మలుపులు, గుంతలు గుర్తుంచుకోవాలి.

బయలుదేరడానికి ముందు ఇరవై నిమిషాలు తొక్కి ఒళ్లు వెచ్చబరచుకోవాలి. ఇక అందరూ చేసే పొరపాటు ఒకటుంది. లెక్క ముగియగానే ఉత్సాహం ఆపుకోలేక మొదటి రెండు నిమిషాల్లోనే ఉన్న శక్తంతా ధారపోస్తారు. తరువాత కాళ్లు మండుతాయి, వేగం పడిపోతుంది. 'ఇది మరీ తేలికగా ఉందే' అనిపించే స్థాయిలో మొదలుపెట్టి, సగం దారి నుండి పెంచుకుంటూ పోయేవాడే చివరికి తక్కువ సమయంలో చేరతాడు.

ఇద్దరు స్త్రీలు

ఈ క్రీడ గొప్పతనం తెలియాలంటే ఇద్దరి గురించి చెప్పుకోవాలి. బెరిల్ బర్టన్ ఇంగ్లాండులో పొలం పని చేసుకున్న గృహిణి. చిన్నతనంలో జబ్బుపడి నెలల తరబడి ఆసుపత్రిలో గడిపింది. 1967లో 12 గంటల పోటీలో 277.25 మైళ్లు, అంటే సుమారు 446 కిలోమీటర్లు తొక్కి, ఆనాటి పురుషుల రికార్డును కూడా దాటింది. దారిలో ముందున్న పురుషుణ్ని దాటుతూ ఆయన చేతికి ఒక మిఠాయి ముక్క ఇచ్చి పోయిందట. మహిళల్లో ఆ రికార్డు 2017 దాకా, యాభై ఏళ్లు చెక్కుచెదరలేదు.

రెండవ ఆమె అఫ్ఘానిస్తాన్ ఆడపడుచు మాసూమా అలీజాదా. శరణార్థుల బిడ్డగా ఇరాన్‌లో సైకిలు నేర్చుకుంది. కాబూల్‌లో జట్టుతో కలిసి సాధన చేస్తుంటే తిట్లు, రాళ్లు ఎదురయ్యాయి. 2017లో కుటుంబంతో ఫ్రాన్సులో ఆశ్రయం పొంది, సివిల్ ఇంజనీరింగు చదువుకుంటూనే సాధన కొనసాగించింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో శరణార్థుల జట్టు తరఫున 22.1 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో తలకు వస్త్రం చుట్టుకుని పాల్గొంది. ఆమెకు దక్కింది 25వ స్థానం, అంటే చివరిది. కాని ఆ గీత దాటిన వేళ ఆమె ఓడిపోయిందని ఎవరు అనగలరు? 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అదే శరణార్థుల జట్టుకు ఆమె నాయకత్వ బాధ్యత వహించడం విశేషం.

హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు దారి ప్రారంభమైంది. వికారాబాదు అనంతగిరి, మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ వంటి ఎక్కుడు దారులు మనకూ ఉన్నాయి. లారీలు, బస్సులు తిరిగే ఘాటు దారుల్లో మాత్రం ఒంటరిగా కాక, తెల్లవారాక, తెలిసినవారితో వెళ్లాలి. ఖరీదైన సైకిలు అవసరం లేదు. ఇంట్లో ఉన్నదానికి గాలి కొట్టించి, ఒక గుట్టను, ఒక గడియారాన్ని ఎంచుకుంటే చాలు. ఈ రోజు ఎంత సమయం పట్టిందో ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఎనిమిది వారాల తరువాత మళ్లీ ఎక్కి చూడండి. అందులో ఒక్క నిమిషం తగ్గినా, మీరు ఓడించింది పక్కవాడిని కాదు, నిన్నటి మిమ్మల్నే. ఆ ఆనందం మన అబ్బాయిలకే కాదు, అమ్మాయిలకూ దక్కాలి.