ప్రభువు రాకడ – రైతు ఎదురుచూపు



గత వేసవిలో ఒక పల్లెలో కుటుంబ కూడిక ముగిసిన తరువాత ఒక తల్లి మా యొద్దకు వచ్చి మెల్లగా అడిగింది. "అయ్యగారూ, ప్రభువు రాకడ ఇక నెలల్లోనే ఉందని ఫోనులో చెబుతున్నారండి. మా అమ్మాయి పదో తరగతి పాసయింది. ఇంటరులో చేర్పించమంటారా, మాన్పించమంటారా? ఫీజుకి అప్పు తేవాలండి." ఆమె మాటలలో వేళాకోళమేమియు లేదు. అప్పు తెచ్చిన తరువాత ప్రభువు వచ్చినట్లయితే తాను అవిశ్వాసముగా నడిచినట్లగునేమో అని ఆమె నిజముగా భయపడుచున్నది.

చేర్పించమనియే చెప్పితిమి. ఎందుకు చెప్పితిమో ఇక్కడ కొంత విపులముగా వ్రాయుట మంచిదని తోచినది, ఎందుకనగా ఈ ప్రశ్న ఆమె ఒక్కర్తెది కాదు.

మొదట ఈ తేదీల సంగతి చూతము. అమెరికాలో విలియం మిల్లరు అను ఒక రైతు, బాప్టిస్టు విశ్వాసి, దానియేలు గ్రంథములోని 2300 దినములను సంవత్సరములుగా లెక్కించి, 1843-44 ప్రాంతమున ప్రభువు వచ్చునని బోధించెను. తరువాత ఆయన అనుచరులు 1844 అక్టోబరు 22 అని దినమును కూడ నిర్ణయించిరి. వేలాదిమంది నమ్మిరి. అది కోతల కాలము. కొందరు పంటను పొలములోనే వదలివేసిరి. కొందరు అంగళ్లు మూసివేసిరి. ఆ రాత్రి గడచి తెల్లవారినది. మిల్లరు మోసగాడు కాడు, భక్తిగలవాడే. అయినను లెక్క తప్పినది. దక్షిణ కొరియాలో 1992 అక్టోబరు 28న సంఘము ఎత్తబడునని ఒక బోధకుడు చాటించగా అనేకులు ఉద్యోగములు మాని, ఆస్తులు అమ్మి కానుకలు ఇచ్చిరి. ఆ బోధకుడు మాత్రము మరుసటి సంవత్సరమున సొమ్ము చేతికి వచ్చు బాండ్లు కొనియుంచెను! ఆయనకు మోసము క్రింద జైలుశిక్ష పడినది. మొన్న 2025 సెప్టెంబరు 23, 24 తేదీలని దక్షిణాఫ్రికా నుండి బయలుదేరిన మాట సెల్‌ఫోనుల ద్వారా దేశదేశములు తిరిగినది. ఆ తేదీలును గడచిపోయినవి.

ఆ దినము కుమారునికిని తెలియదని ప్రభువే సెలవిచ్చియుండగా (మార్కు 13:32), మన ఫోనులోని బోధకునికి ఎట్లు తెలిసినది?

అయితే తేదీలు తప్పినవని రాకడయే లేదనుకొనుట దానికంటె పెద్ద పొరపాటు. పండుగకు పాడు పాటలలో రాకడ ఉండును, విశ్వాస ప్రమాణములో ఉండును. ఇంటికి వచ్చిన తరువాత మాత్రము దానిని తలంచువారు అరుదు. ఈ రెంటి మధ్య నడుచుటకు మన పల్లె సంఘములకు యాకోబు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయము చక్కగా తోడ్పడును. రాకడ కొరకు ఎట్లు కనిపెట్టవలెనో చెప్పుటకు ఆయన రాజును గాని సైనికుని గాని చూపలేదు, రైతును చూపించెను (5:7, 8).

మన తొలకరి మృగశిర కార్తెలో వచ్చును. ఇశ్రాయేలు దేశములో అట్లు కాదు. అక్కడ వేసవి అంతయు ఎండి గట్టిపడిన నేలను అక్టోబరు, నవంబరు మాసములలో పడు తొలకరి మెత్తబరచును. అప్పుడే దున్నుట, విత్తుట. కడవరి వర్షము మార్చి, ఏప్రిల్ మాసములలో పడి గింజను నింపును. పస్కా నాటికి యవల కోత, పెంతెకొస్తు నాటికి గోధుమ కోత. ఈ రెండు వానల మధ్య రైతు చేతిలో లేనిది ఒక్కటే, వాన. తక్కినదంతయు అతని చేతిలోనే ఉన్నది. వాన ఏ తేదీన పడునో తెలియదని ఏ రైతైనను విత్తనము కట్టకుండ ఉండునా? మబ్బు పట్టినదని అరక విప్పి అరుగుమీద కూర్చుండునా?

థెస్సలొనీక సంఘములో కొందరు ఆ విధముగానే కూర్చుండిరి. ప్రభువు దినము వచ్చియే యున్నదని వారిలో ఒక కలవరము పుట్టినది. మరి కొందరు పని మాని ఇరుగుపొరుగు వారి జోలికి పోవుచుండిరి. పౌలు వారిని మెచ్చుకొనలేదు. తాను రాత్రింబగళ్లు చేతులతో కష్టపడిన సంగతి జ్ఞాపకము చేసి, నెమ్మదిగా పని చేసికొని సొంత అన్నము తినుడని ఆజ్ఞాపించెను (2 థెస్స. 3వ అధ్యాయము).

మన గోదావరి డెల్టాకు 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ దొరగారితో కలిసి ఓడ ఎక్కి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబములను తలంచుదము. వారు ప్రభువు రాకడను మిక్కిలి గట్టిగా నమ్మిన బ్రదరన్ సహవాసమునకు చెందినవారు. అయినను ప్రభువు త్వరగా వచ్చుచున్నాడు గదా, ఈ కష్టమైన తెలుగు ఎందుకని వారనుకొనలేదు. నరసాపురము ప్రాంతమున కాపురముండి, మన భాష నేర్చి, ఊరూర తిరిగి సువార్త చెప్పిరి. కాబట్టి ఆ తల్లి తన బిడ్డను ఇంటరులో చేర్పించుట అవిశ్వాసము కాదు. ప్రభువు వచ్చునప్పటికి ఆ అమ్మాయి పుస్తకము ముందు కూర్చుండియున్నయెడల అందులో సిగ్గుపడవలసినది ఏమున్నది?

ఇక మనము సాధారణముగా దాటిపోవు మాట ఒకటున్నది. యాకోబు రైతును గూర్చి చెప్పుటకు ముందు, అదే అధ్యాయము 4వ వచనములో, కూలిని గూర్చి చెప్పెను. చేలు కోసినవారికి ఇయ్యక బిగపట్టిన కూలి మొరపెట్టుచున్నదనియు, ఆ కేక సైన్యముల ప్రభువు చెవిని పడినదనియు ఆయన భావము. కూలివాడు కాదు, కూలియే కేకవేయుచున్నది! ధర్మశాస్త్రములో కూడ కూలివాని జీతము తెల్లవారువరకు నీయొద్ద ఉండరాదని ఉన్నది (లేవీ. 19:13).

మేము చాల రాకడ ప్రసంగములు వింటిమి. ముద్రలు, బూరలు, మృగము సంఖ్య, అన్నియు వింటిమి. నాట్లు వేసిన ఆడకూలీల డబ్బు ఎంత బాకీ ఉన్నదని అడిగిన ప్రసంగము మాత్రము వినలేదు. మన విశ్వాసులలో ఐదెకరముల రైతులు ఉన్నారు, వారి చేలలో కూలికి పోవు విశ్వాసులును ఉన్నారు. ఇద్దరును ఒకే చాపమీద కూర్చుండి "ప్రభువా, త్వరగా రమ్ము" అని ప్రార్థించుచున్నారు. మిల్లువాడు డబ్బు ఇయ్యలేదని, ధర పలుకలేదని రైతు చెప్పు మాట నిజమే కావచ్చును. కౌలు రైతు కష్టము మాకు తెలియనిది కాదు. అయినను పండుగకు క్రొత్త బట్టలు కొన్న ఇంటిలో కూలి బాకీ నిలిచియున్నయెడల, ఆ ఇల్లు సిద్ధముగా ఉన్నదని చెప్పలేము.

ఆ వెంటనే 9వ వచనములో సణుగుకొనవద్దనియు, న్యాయాధిపతి వాకిటనే ఉన్నాడనియు హెచ్చరిక. గట్టు తగాదా వలన మాటలు లేని అన్నదమ్ములు మన సంఘములలో ఎందరు! ఒకరు ముందు వరుసలో, మరియొకరు తలుపు దగ్గర. ప్రభువు బల్ల ఆయన వచ్చువరకు ఆయన మరణమును ప్రకటించుట గదా (1 కొరింథీ. 11:26). బల్లకు చేయి చాపువాడు రాకడను ఒప్పుకొనుచున్నాడు. అదే చేయి అన్నకు వందనము చేయలేకపోవుచున్నది. ఇట్టి ఇండ్లలో పాస్టరుగారు ఒక్కరే వెళ్లి సర్ది చెప్పుట కష్టము. ఇద్దరికిని పిల్లనిచ్చిన మామగారో, ఊరి పెద్దమనిషియో కూడ ఉన్నయెడల మేలు.

పదిమంది కన్యకల ఉపమానమును (మత్తయి 25) చాలమంది భయపెట్టుటకే వాడుదురు. అక్కడ పదిమందియు నిద్రపోయిరని మరువవద్దు. బుద్ధిగలవారును కునికిరి. పగలంతయు కళ్లములో వంగి పనిచేసి, రాత్రి ప్రార్థనలో కన్ను మూతపడిన అక్కలు దీనివలన ఆదరణ పొందవచ్చును. తేడా నూనెలోనే ఉన్నది, ఆ నూనె అర్ధరాత్రి అరువు దొరకునది కాదు. తండ్రి భక్తి కుమారునికి సరిపోదు, భార్య ప్రార్థన భర్తకు చాలదు.

క్రిస్మసుకు ముందు వచ్చు ఆగమన ఆదివారములు నాలుగును మన డెల్టాలో వరి కోతలు, నూర్పిళ్ల నడుమనే వచ్చును. ఈ సంవత్సరము మొదటి ఆగమన ఆదివారమునకు ముందు శనివారము సాయంకాలమున, ఇంటిల్లిపాది కూర్చుండి యాకోబు 5వ అధ్యాయము మొదటి 11 వచనములు చదువుకొనుడి. చదివిన తరువాత కూలీల లెక్క పుస్తకము తీయుడి. నాట్లు మొదలు కోతవరకు ఎవరికి ఎంత నిలిచినదో పిల్లలచేతనే కూడించి, ఆ రాత్రియే ఇచ్చి రండి.